పాత ట్రాక్టర్లలో హైడ్రాలిక్, గేర్‌బాక్స్ ఆయిల్ లీకులు – గుర్తించే విధానం

మంచిర్యాల జిల్లా నస్పూర్ పరిసరాల్లో ట్రాక్టరు వానాకాలంలో కేజ్ వీల్స్‌తో వరి పొలాల్లో దమ్ము చేస్తుంది. మిగిలిన రోజుల్లో బొగ్గు గనుల చుట్టుపక్కల దుమ్ము దారుల్లో ట్రాలీ లాగుతుంది. బురద నీరు, ధూళి రెండూ ఆయిల్ సీళ్ల పెదవులను అరగదీస్తాయి. వేడికి, వయసుకు రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది.

చాలా పాత నమూనాల్లో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ లిఫ్ట్ మూడింటికీ ఒకే ఆయిల్ వాడతారు. నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున కారినా 10 గంటల పనిలో 600 మిల్లీలీటర్లు పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. ఆయిల్‌ను బయటకు వదిలే సీలు, దమ్ములో నీటిని లోపలికి రానిస్తుంది. ఆ నీరు బేరింగులను, హైడ్రాలిక్ పంపును దెబ్బతీస్తుంది.

పరీక్షకు ముందు

చుక్క పడిన చోటే లీకు ఉంటుందని భావించరాదు. ఆయిల్ పైనుండి హౌసింగ్ వెంట జారి, అడుగు భాగంలో చుక్కగా రాలుతుంది. అందువల్ల ముందుగా బురదను, జిడ్డును పూర్తిగా శుభ్రపరచి, తుడిచి, ఆరనివ్వాలి. తర్వాత అరగంట పని చేయించి, మొదట తడి కనిపించిన అత్యంత ఎత్తైన చోటును గుర్తించాలి. ఇంజన్, గేర్‌బాక్స్ ఆయిల్ మట్టాలను ముందే రాసి ఉంచుకోవాలి.

లక్షణాలు – కారణాలు

1. క్లచ్ హౌసింగ్ అడుగు రంధ్రం నుండి ఆయిల్: ఆయిల్ నల్లగా ఉంటే ఇంజన్ వెనుక క్రాంక్ సీలును, పసుపు లేదా గోధుమ రంగులో ఉంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలును అనుమానించాలి. ఏ మట్టం తగ్గిందో చూసి నిర్ధారించుకోవాలి. ఈ రంధ్రాన్ని మూసివేయరాదు. మూస్తే ఆయిల్ క్లచ్ ప్లేటును చేరుతుంది.

2. వెనుక చక్రం లోపలి వైపు తడి: ఇది యాక్సిల్ సీలు లోపం. పొడి బ్రేకులున్న ట్రాక్టర్లలో ఆయిల్ లైనర్లకు అంటి, బ్రేకు ఒక పక్కకే పడుతుంది లేదా అసలు పట్టదు. ఈ స్థితిలో ట్రాలీని రోడ్డెక్కించరాదు. ఆయిల్ పీల్చిన లైనర్లను సీలుతోపాటు మార్చాలి.

3. బయట తడి లేకున్నా లిఫ్ట్ దిగిపోవడం: పనిముట్టును ఎత్తి ఇంజన్ ఆపినప్పుడు మునుపటికంటే వేగంగా దిగితే సిలిండరు పిస్టన్ సీలు లేదా కంట్రోల్ వాల్వు అరిగిందని అర్థం. ఎత్తిన పనిముట్టు కిందికి ఎవరూ వెళ్లరాదు.

4. ఆయిల్ నురగ, పంపు కూత: పంపు పీల్చే వైపు గాలి చొరబడుతోంది. ఇక్కడ చుక్క కనిపించదు. ముందు ఆయిల్ మట్టం, ఫిల్టరు చూసి, తర్వాత ఆ వైపు ఓ-రింగులను పరీక్షించాలి.

5. హైడ్రాలిక్ ఆయిల్ తగ్గి, ఇంజన్ ఆయిల్ పెరగడం: ఇంజన్‌కు బిగించిన పంపు షాఫ్ట్ సీలు పోయింది. ఇంజన్ నడపకుండా మరమ్మతు చేయించాలి.

6. పాలలా తెల్లబడిన ఆయిల్: నీరు చేరింది. ఆయిల్ పూర్తిగా మార్చాలి. నీరు ఎటు నుండి వచ్చిందో తెలియకుండా కొత్త ఆయిల్ పోయడం వృథా.

సీలు మార్చే ముందు

కొత్త సీలు కొద్ది రోజులకే కారితే లోపం సీలుది కాకపోవచ్చు. మొదట బ్రీథర్‌ను చూడాలి. అది బురదతో మూసుకుపోతే, వేడెక్కిన హౌసింగ్‌లో ఒత్తిడి పెరిగి ఆయిల్ బలహీనమైన సీలు గుండా బయటపడుతుంది. ఆయిల్ గుర్తుకు మించి ఉన్నా ఇదే జరుగుతుంది. తర్వాత షాఫ్ట్‌ను చేతితో ఊపి బేరింగు వదులు తెలుసుకోవాలి. సీలు ఆనే చోట గోరుకు తగిలేంత గాడి ఉంటే లోహపు తొడుగు వేయించాలి లేదా షాఫ్ట్ మార్చాలి. స్ప్రింగు ఉన్న పెదవిని ఆయిల్ వైపు ఉంచి, గ్రీజు రాసి, సమంగా నొక్కి కూర్చోబెట్టాలి.

హెచ్చరిక: ఒత్తిడిలో ఉన్న గొట్టాల లీకును చేతితో వెదకరాదు. సన్నని ఆయిల్ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అట్టముక్కతోనే పరీక్షించాలి.

ఈ పరీక్షలన్నీ వేసవిలోనే ముగించుకుంటే, దమ్ము రోజుల్లో ట్రాక్టరు షెడ్డులో నిలిచిపోయే పరిస్థితి తప్పుతుంది.