కడలిగాలికి వెరవని గన్నేరు

ధవళేశ్వరమునకు దిగువను గోదావరి గౌతమీ వసిష్ఠలుగా చీలి సముద్రమువైపు సాగును. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున ఆరంభమై 1852లో ముగిసిన ఆనకట్ట వలన ఈ రెండు పాయల నడుమను, వాటికి ఇరువైపులను ఉన్న నేల సస్యశ్యామలమైనది. నీరు సమృద్ధిగా ఉన్న ఈ సీమలో పూలతోట పెంచుట ఏమంత కష్టమని పొరుగుజిల్లాలవారు అనుకొనవచ్చును. పెంచి చూచినవారికే తెలియును. వానకాలములో పెరటిలో నీరు నిలిచి వేళ్ళు కుళ్ళును. వేసవిలో అదే నల్లమట్టి నెఱ్ఱెలు విచ్చును. అంతర్వేది, ఉప్పాడల వంటి తీరగ్రామములలోనైతే ఉప్పుగాలి సోకి గులాబీ ఆకులు అంచులవెంబడి మాడిపోవును.

ఈ మూడింటిని ఓర్చుకొని ఏడాది పొడవునను పచ్చగా నిలిచి పూయు పొద ఒకటి మనకు అనాదిగా ఉన్నది. అది గన్నేరు. సంస్కృతమున కరవీరము. మధ్యధరా సముద్రతీరము మొదలు మన దేశము వరకు వాగుల ఒడ్డులను, ఎండిన ఏటిగర్భములలోను ఇది సహజముగా పెరుగును. కొన్నాళ్ళు వరద, కొన్నాళ్ళు కరవు అనునది దీనికి పుట్టినింటి అలవాటు. అందుచేతనే కాబోలు, డెల్టానేల దీనికి పరాయిగా తోచదు.

ఒక ఆకు త్రిప్పి అడుగుభాగమును భూతద్దముతో చూడుడు. చిన్న చిన్న గుంటలు, వాటినిండ సన్నని నూగు కనిపించును. చెట్టు ఊపిరి పీల్చు రంధ్రములు ఆ గుంటలలో దాగియున్నవి. వేడిగాలి నేరుగా తగులదు గనుక లోపలి తడి త్వరగా ఆరిపోదు. ఆకు పైభాగము తోలువలె దళసరియై మెరుగుపూత కలిగియుండుటచే ఉప్పుతుంపరలు అంతగా బాధింపవు.

ధవళేశ్వరమునకు కొద్ది మైళ్ళ దూరముననే కడియము, కడియపులంక, బుర్రిలంక గ్రామముల నర్సరీలున్నవి. అచ్చట తెలుపు, గులాబి, ఎఱుపు గన్నేరులు, ఒంటిరేకవి, ముద్దవి, అన్నియు దొరకును. పూవులను చూచి మురిసి మొక్కను కొనుట మనలో చాలమంది చేయు పొరపాటు. మేమును చేసినవారమే. చూడవలసినది మొదలు. తొట్టి అడుగున వేళ్ళు చుట్టలు చుట్టుకొని బయటికి వచ్చినచో ఆ మొక్క నేలలో నిలద్రొక్కుకొనుటకు చాలకాలము పట్టును. ముద్దగన్నేరు చూపునకు ఇంపైనదే గాని, వాడిన పూలు రాలక కొమ్మకే అంటి గోధుమరంగుగా వ్రేలాడును. దూరమునుండి చూచుటకు ఒంటిరేక తెల్లగన్నేరే మేలని మా అభిప్రాయము.

కొనకనే పెంచుకొనదలచినవారు తొలకరిలో పొరుగువారినడిగి, పెన్సిలు లావున ముదిరియు ముదరని కొమ్మను జానెడు పొడవున కోసి, క్రింది ఆకులు తీసి, ఇసుకలో గ్రుచ్చి తడి ఆరకుండ చూడవలెను. కొద్ది వారములలో వేరు పట్టును. గింజలతో పెంచినచో తల్లిచెట్టు పూవే వచ్చునను నమ్మకము లేదు. నీరు నిలుచు పెరడైనచో గుంటకు బదులు మట్టిని దిబ్బగా పోసి దానిపై నాటవలెను. కంచెగా పెంచువారు మూడు నాలుగు అడుగుల ఎడము ఉంచిన చాలును. ఎండ మాత్రము పూర్తిగా ఉండవలెను. నీడను చెట్టు ఏపుగానే పెరుగును గాని పూయదు. పూవులు క్రొత్త చిగుళ్ళ కొనలనే వచ్చును గనుక, ఒక విడత పూత ముగియగనే కొమ్మలను మూడవవంతు కత్తిరించినచో మరల గుబురుగా చిగిర్చి పూయును.

తెవుళ్ళు కొద్ది. లేతచిగుళ్ళకు పసుపుపచ్చని పేను పట్టినచో నీటిధారతో కడిగివేయవచ్చును. అప్పుడప్పుడు వ్రేలంత లావు ఆకుపచ్చని గొంగళి ఒకటి కనబడును. దానికి తలవైపున నీలపు కన్నులవంటి మచ్చలు రెండుండును. ఆకులను రాత్రికి రాత్రే దూసివేయును. ఇతర ప్రాణులకు విషమైన ఆ ఆకు దానికి భోజనము!

ఆ విషమును గూర్చి నిదానముగా చెప్పవలసియున్నది. గన్నేరులో ఆకు, పూవు, కాయ, వేరు, అన్నియు విషమే. అది గుండె కొట్టుకొను తీరును తప్పించును. మొదట వాంతులు, పిదప నాడి మందగించుట, ప్రాణాపాయము. ఎండుటచే విషము పోదు. చేదు తగ్గుటచే పశువులు పచ్చి ఆకుకంటె ఎండుటాకును తినుటకే అవకాశమెక్కువ. మా ఇంటిలో ఒక పర్యాయము కత్తిరించిన కొమ్మలను దడిప్రక్కన పడవేసి మరచితిమి. పొరుగింటి మేక వాటిని మేసినది, తెల్లవారుసరికి చనిపోయినది. మేక ఖరీదు ఇచ్చుకొంటిమి గాని, వారి పిల్లవాడు మాతో మాటలాడుటకు చాల దినములు పట్టినది.

2024లో కేరళలో ఒక యువతి మరణమునకు గన్నేరు కారణమను అనుమానము కలుగగా, తిరువాన్కూరు దేవస్వము బోర్డు నైవేద్య ప్రసాదములలో ఈ పూవులను వాడరాదని నిర్ణయించినది. మనకును ఇది దూరపు సంగతి కాదు. వినాయకచవితినాటి ఇరువదియొక్క పత్రిలో కరవీరపత్రము కూడ ఒకటి. పూజలో వాడుటకు అభ్యంతరము లేదు. కాని ఆ పత్రిని మరునాడు ఆవులముందు వేయు అలవాటు పలుచోట్ల ఉన్నది. గన్నేరు ఆకును వేరుచేసి గోతిలో పూడ్చవలెను. కత్తిరించిన కొమ్మలను పొయ్యిలో పెట్టరాదు, పొగయు హానికరమే. పాలు చేతికంటినచో సబ్బుతో కడుగుకొనవలెను. పిల్లలెవరైన నమిలినట్లు అనుమానము కలిగినచో ఇంటివైద్యములతో కాలము గడపక, ఆ ఆకునుకూడ చేతపట్టుకొని వెంటనే ఆసుపత్రికి పోవలెను. పచ్చగన్నేరును గూర్చియు ఇదే హెచ్చరిక. దాని గింజ మరింత ప్రమాదకరము.

పశువులు ముట్టకపోవుటయు, వాహనముల పొగకు వెరవకపోవుటయు గుణములే గనుక నేడు జాతీయ రహదారుల నడుమ గన్నేరును బారులుగా పెంచుచున్నారు. ఇంటియొద్ద మాత్రము పసిపిల్లలు ఆడుకొను వాకిటను, పశువుల పాకచెంతను కాక, వీధికంచె వెంబడిగాని, మేడకు పడమట ఎండతగులు మూలగాని దీనికి తగిన చోటు. మా తెల్లగన్నేరు ఇప్పుడు ఆ పడమటి మూలనే ఉన్నది.