రెండు 'వెస్ట్'లు
పడమర దిక్కు 'వెస్ట్'. లోపల తొడుక్కునే బనియనూ 'వెస్ట్'. తెలుగు లిపిలో వీటికి తేడా లేదు. మనలో చాలామంది నోట్లోనూ లేదు. ఇంగ్లీషులో మాత్రం మొదటిది 'డబ్ల్యూ'తో, రెండోది 'వీ'తో మొదలవుతాయి.

'వీ'కి పైపళ్ళను కింది పెదవికి ఆనించి, ఆ సందులోంచి గాలిని ఒరిపిడితో వదలాలి. 'డబ్ల్యూ'కి పళ్ళ పనిలేదు. 'ఊ' అనబోతున్నట్లు పెదవులను గుండ్రంగా చుట్టి చటుక్కున విప్పాలి. మన 'వ' ఈ రెండింటికీ మధ్యస్థం. అద్దం ముందు పలికి చూడండి, తెలుస్తుంది.

అయితే అసలు చిక్కు నాలుకది కాదు, చెవిది. 1984లో కెనడా శాస్త్రజ్ఞులు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ హిందీలోని 'ట', 'త'లను ఇంగ్లీషు ఇళ్ళ పసివాళ్ళకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలావరకు తేడా పట్టారు. ఏడాది నిండబోతున్నవాళ్ళలో పట్టినవాళ్ళు బహు కొద్దిమంది! ఇంటిభాషకు అక్కరలేని తేడాలను చెవి అంత త్వరగా వదిలేస్తుంది. పుదుచ్చేరి ఇందిరా నగర్‌లో 'పిన్', 'బిన్' అనే మాటలు తెలుగింటి పిల్లకు సులువు. తమిళ లిపిలో 'ప', 'బ'లకు అక్షరం ఒకటే కనుక పక్కింటి తమిళ పిల్లకు తడబాటు రావచ్చు. 'వెస్ట్' దగ్గర ఇద్దరూ సమానమే.

పోయిన చెవి తిరిగి వస్తుందా? కొంతవరకు వస్తుంది. జపాన్‌వారికి ఇంగ్లీషు 'ర', 'ల'లు ఒకేలా వినిపిస్తాయి. 1991లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, అలాంటి జంట పదాలను పలువురి గొంతులతో మూడు వారాలు వినిపించి, తప్పొప్పులు అప్పటికప్పుడే చెప్పగా వారు మెరుగయ్యారు. 1997లో తేలింది మరీ వింత: వినికిడి శిక్షణ ఒక్కటే ఇచ్చినా ఉచ్చారణ కూడా బాగుపడింది. కాబట్టి ముందు వినండి, అదీ ఒక్క గొంతులో కాదు.