చెట్టెక్కేవారి ప్రాణం ఆ మూరెడు తాడు మీదే

యాంగోన్‌లో మే నుంచి అక్టోబరు దాకా వానలే. అందుకే ఏప్రిల్ వచ్చిందంటే మా తామ్వే వీధుల్లో రంపాల మోత మొదలవుతుంది. ఇళ్ల మీదికి, కరెంటు తీగల మీదికి వంగిన కొమ్మలు కొట్టించుకునే రోజులవి. 2008 మే నెలలో నర్గీస్ తుఫానుకు ఈ నగరంలో పాత చెట్లు ఎలా కూలాయో చూసినవాళ్లకు ఈ తొందర ఎందుకో చెప్పక్కర్లేదు. ఆ కొమ్మలు కొట్టే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి, ఈ పనికి కొత్తగా వస్తున్న మన కుర్రాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

మన ఊళ్లలో గీత కార్మికులు మోకును తాటిమానుకూ తమ ఒంటికీ కలిపి చుట్టుకుని ఎక్కుతారు. తాటికి కొమ్మలుండవు. నిద్రగన్నేరు అలా కాదు, కొమ్మ కొస దాకా పక్కకు నడవాలి. దానికి నడుముకూ తొడలకూ బిగించే హార్నెస్ కావాలి. దాని ముందు భాగంలో ఎడమ నుంచి కుడికి ఒక చిన్న తాడు ఉంటుంది. దాన్నే బ్రిడ్జి అంటారు. పైనుంచి వచ్చే తాడు ఈ బ్రిడ్జి మీద జారే రింగుకు తగులుకుంటుంది. మనిషి ఎటు వాలితే రింగు అటు జారుతుంది. ఒంటి బరువంతా దానిదే, రోజంతా రాపిడీ దానికే. హార్నెస్‌లో ముందుగా అరిగేది అదే.

ఎలాంటిది కొనాలి?

హార్నెస్ తయారుచేసిన కంపెనీ ఆ మోడల్‌కు ఏది వాడమంటే అదే. హార్డ్‌వేర్ కొట్లో దొరికే తాడు ఎంత లావున్నా పనికిరాదు. బ్రిడ్జి పొడవుగా ఉంటే పక్కకు వాలడం సులువు. మరీ పొడవైతే తాడు పరికరాలు చేతికి అందవు. పొట్టిదైతే అన్నీ దగ్గరే ఉంటాయి, కదలిక తగ్గుతుంది. నైలాన్ తడిస్తే కొంత బలం కోల్పోతుంది. డైనీమా గట్టిదే కానీ సుమారు 150 డిగ్రీల వేడికే కరుగుతుంది, రాపిడి దగ్గర జాగ్రత్త.

ఎలా చూసుకోవాలి?

ఎక్కే ప్రతిసారీ, నేల మీద ఉండగానే చూడాలి. రింగును పక్కకు జరిపి, అది ఎక్కువగా ఆగే నడిమి భాగం చూడండి. పైపొర పోగులు తెగినా, మెరుస్తూ గట్టిపడినా, లోపలి పోగులు కనిపించినా ఆ తాడు పని అయిపోయినట్టే. తర్వాత కళ్లు మూసుకుని రెండు వేళ్లతో నొక్కుతూ పొడవునా వెళ్లండి. ఒకచోట మెత్తగా, సన్నగా తగిలితే లోపల దెబ్బతిన్నదని అర్థం. చివర ముడులున్న రకమైతే ముడి బిగువు, దాని అవతల మిగిలిన తోక చూడాలి. కుట్టు ఉన్న రకమైతే ప్లాస్టిక్ తొడుగు కింద దారం చూడాలి. రింగు లోపలి అంచున గరుకు తగిలితే అదే కొత్త తాడునూ కోస్తుంది. చేతిరంపం కడుపు ముందే ఆడుతుంది కాబట్టి చిన్న గాటునూ వదలొద్దు. బ్యాటరీ యాసిడ్ తగిలిన తాడు పైకి బాగున్నా నమ్మొద్దు.

మార్చిన తేదీ పుస్తకంలో రాసుకోండి. గడువు కంపెనీ చెప్పినదే, అరుగుదల కనిపిస్తే అంతకంటే ముందే. తీసేసిన తాడును ముక్కలు చేసి పారేయండి, లేకపోతే ఎవరో ఒకరు మళ్లీ కడతారు.

తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇక్కడ మనకు అలా ఇచ్చేవారి కోసం చూడకుండా, మన తాడు మనమే చూసుకోవాలి. కొమ్మలు కొట్టించే ఇంటివారికీ, గుడి కమిటీలకూ ఒక మనవి: కూలి బేరమాడే ముందు ఆ అబ్బాయి బ్రిడ్జి ఒకసారి చూపించమనండి. అరిగి ఉంటే ఆ రోజు చెట్టెక్కించకండి.