వార్తల్లో పదం: వీలునామా దానం

తాను పోయాక ఆస్తి ఏదైనా సంస్థకు అందేలా రాసిపెట్టేది వీలునామా దానం; లెగసీ గిఫ్ట్ అన్నా అదే. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలకు ఇదో పెద్ద ఆదరువు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు మన ఆర్కెస్ట్రా ఒగ్గు డోలు, చిందు మేళమే అనుకోండి. ఒగ్గుకథ దిగ్గజం చుక్క సత్తయ్య, 2024లో పద్మశ్రీ పొందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య జనగామ జిల్లావారే.

అలాంటి మేళానికి ఎకరమో, ఇల్లో రాయాలంటే ఒక చిక్కు. రిజిస్టరు కాని బృందానికి చట్టం దృష్టిలో తనకంటూ ఉనికి లేదు; సొసైటీగానో ట్రస్టుగానో ఏర్పడాలి. వీలునామా మాత్రం సులువే. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షులు చాలు. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. ఉమ్మడి ఆస్తిలో తన వాటా వరకే రాయగలరు. మనసు మారితే తిరగరాయొచ్చు, చివరిదే చెల్లుతుంది.

అన్నట్టు, క్రైస్తవుల ధర్మదానాలకు అడ్డుపడిన ఇదే చట్టంలోని 118వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2003లో కొట్టేసింది.