రాజధాని లేఖ: పిలవని పేరంటం

2025 డిసెంబరు 1న పార్లమెంటు శీతకాల సమావేశాలు మొదలయ్యాయో లేదో, ప్రతిపక్షాల చేతికి ఒక అస్త్రం అందింది. ఇకపై అమ్మే ప్రతి సెల్‌ఫోనులోనూ ‘సంచార్ సాథీ’ యాప్‌ను 90 రోజులలోగా తయారీదారులే అమర్చి ఇవ్వాలని నవంబరు 28న టెలికాం శాఖ ఆదేశించింది. నిఘా అన్నది ప్రతిపక్షం. వద్దనుకున్నవారు తొలగించుకోవచ్చునన్నారు మంత్రి సింధియా. ఆదేశంలో మాత్రం దాని పనితీరును నిరోధించరాదని ఉన్నది! డిసెంబరు 3న ఆ నిబంధనను ఉపసంహరించారు.

పత్రికా గ్యాలరీలో కూర్చొన్న నాకు తోచిన సంగతి వేరు. పోయిన ఫోనును నిలిపివేయించే ఈ సేవ 2023 మే నుంచే వెబ్‌సైటుగా ఉన్నది. యాప్ వచ్చింది 2025 జనవరిలో. వెబ్‌సైటు ఊరి రచ్చబండ. పనిపడితే వెళ్తాము, ముగించుకొని వస్తాము. మార్పులు సర్వరులో ఒక్కచోట చేస్తే చాలును. అది బ్రౌజరు గడప దాటి ఫోనులోకి రావటం కష్టం. యాప్ ఇంట మకాం వేసిన చుట్టం. అనుమతిస్తే కాల్ జాబితా, సందేశాలు చూడగలదు. కనుకనే మోసపు కాల్‌పై చిటికెలో ఫిర్యాదు చేయించగలదు. సౌకర్యమూ, భయమూ పుట్టేది ఆ చూపులోనే.

చుట్టాన్ని పిలుచుకోవటం గృహస్థు హక్కు. సర్కారు రచ్చబండను బాగుచేసి, ఆ పిలుపు కోసం వేచివుండటమే మర్యాద.