అరబ్బీ పత్రము, తెలుగు సంతకము

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు సీమలనుండి కూలికై గల్ఫు దేశములకు పోవు మనవారిలో పెక్కుమందికి విమానమెక్కు నాటికి అరబ్బీలో ఒక్క ముక్కయైన రాదు. అయినను నాలుగు దశాబ్దములకు పైగా వారు అచ్చటి మేడలకు పునాదులు త్రవ్వి, ఇనుపచువ్వలు కట్టి, ఎడారిలో గొర్రెలను గాచి, ఇండ్లకు పైకము పంపుచునే యున్నారు.

నోటిమాట వారికి త్వరగానే అలవడును. తెలుగువాడు, బంగాళీ, నేపాలీ, మలయాళీ ఒకే క్యాంపులో వండుకొని తినుచు, అరబ్బీ క్రియలకు గల లింగవచనాది వికారములను విడిచి, ఒక పనిభాషను కల్పించుకొనిరి. భాషాశాస్త్రజ్ఞులు దానిని గల్ఫు పిడ్జిన్ అరబ్బీ యందురు. అందు 'ఫీ' యనగా కలదు, 'మాఫీ' యనగా లేదు. 'షుగల్ మాఫీ' యన్నచో పని లేదని యర్థము. మాఫీ యనగా అప్పు రద్దగుట యని యెరిగిన రైతుబిడ్డకు ఆ శబ్దము మొదట తికమక కలిగించును. కాని బాకీ, హక్కు, తారీఖు, జవాబు మొదలగు అరబ్బీ మాటలు ఉర్దూ మూలముగా అతని తెలుగులోనే చేరియున్నవి గనుక, చెవి మెల్లగా కుదుటపడును.

చిక్కంతయు కాగితముతోడిది. సౌదీ కార్మికశాసనము ప్రకారము ఒప్పందపత్రము ప్రక్కన వేరొక భాష యున్నను, భేదము వచ్చినచో అరబ్బీ పాఠమే చెల్లును. ఎమిరేట్సు ప్రభుత్వము 2016 నుండి, కార్మికుడెరిగిన మూడవ భాషలో కూడ పని షరతులను చూపవలెనని నియమించినది. ఎంతో మేలైన నియమమది. కాని అప్పటి భాషల పట్టికలో హిందీ, ఉర్దూ, మలయాళము, తమిళములకు దొరకిన చోటు తెలుగునకు దొరకలేదు. ఈ లోటు నన్ను మిక్కిలి బాధించును. ఏలయన ఇచ్చట ఎలక్ట్రీషియన్ పని యని నమ్మి పోయి, అచ్చట దిగిన పిదప గొర్రెల కాపరియైనవాని గోడు మన పల్లెలకు క్రొత్తది కాదు. తాను దేనిక్రింద సంతకము పెట్టెనో అతనికే తెలియదు. ఇక ఎక్కడనైనను పనిచేయవచ్చునని చెప్పబడు 'ఆజాద్ వీసా' యనునది ఏ శాసనమునందును లేదు. కఫీలు, అనగా వీసాకు పూచీపడిన యజమాని, పేరిట వెళ్లి వేరొకచోట పనిచేయువాడు జీతపు బాకీ అడుగుటకైనను జంకుచు బ్రతుకవలసినదే.

పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాడు సాధారణముగా గల్ఫు మొదలగు 18 దేశములకు ఉద్యోగమునకై పోవుటకు కేంద్రప్రభుత్వపు వలస అనుమతి పొందవలెను. దానిని తప్పించి విజిట్ వీసామీద పంపెదనను ఏజెంటును నమ్మరాదు; రిజిస్టరైన ఏజెంటు తీసికొనదగిన రుసుము పన్ను గాక 30,000 రూపాయలు మాత్రమే. సంతకమునకు ముందు పత్రమును అరబ్బీ తెలిసినవారిచే చదివించి, పనిపేరు, జీతము, పనిగంటలు తెలుగులో వ్రాసికొని, ఒక నకలు ఇంట నుంచవలెను.

మరియొక చిన్న విద్య కలదు. అచ్చటి అరబ్బీ పత్రములలో అంకెలు పలుమారు మనమెరిగినవి కావు: సున్నను చుక్కగా వ్రాయుదురు, మన సున్నవలె గుండ్రముగా కనిపించునది అయిదు. 1500 అను సంఖ్య ఒక గీత, ఒక సున్న, రెండు చుక్కలుగా కనిపించును. ఈ పది అంకెలకు ఒక్క సాయంకాలము చాలును. ప్రయాణమునకు ముందు భార్యాభర్తలిద్దరును కూర్చుండి పిల్లల పలకమీద దిద్దుకొన్నచో, నకలు దాచుకొన్న ఇల్లాలికిని ఆ జీతమెంతయో తెలియును.