చనిపోయిన యాకోబుకు కబురా?

శాలిబండలోని ఒక గృహకూడికలో మేము అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయము బోధించుచుండగా ఒక సహోదరి అడిగినది: "అయ్యగారూ, 2వ వచనములో చనిపోయిన యాకోబుకు 17వ వచనములో పేతురు కబురెట్లు పంపెను? బైబిలు తప్పా?"

జవాబుగా మేము హైదరాబాదు చరిత్రనే చూపితిమి. ఈ సంస్థానమునకు ప్రధానమంత్రులైన లాయక్ అలీలు ఇద్దరు కలరు. 1884–1887లో పనిచేసిన మీర్ లాయక్ అలీ ఖాన్ రెండవ సాలార్‌జంగ్. ఆయన 1889లో మరణించెను. 1947 నవంబరు నుండి 1948 సెప్టెంబరు వరకు ఆ పదవిలోనున్న మీర్ లాయక్ అలీ వేరొకరు. కాలమును, బిరుదును చూచినయెడల చిక్కు విడిపోవును.

లేఖనములోను అంతే. హేరోదు చంపించినది యోహాను సహోదరుని, అనగా జెబెదయి కుమారుని. కబురు అందవలసినవాడు ప్రభువు సహోదరుడు (గలతీ 1:19). 15వ అధ్యాయములో యెరూషలేము సభలో మాటలాడినవాడు ఈయనే. పన్నిద్దరిలో అల్ఫయి కుమారుడైన యాకోబు కూడ కలడు (మత్తయి 10:3). ఇంగ్లీషులో జేకబ్, జేమ్స్ అని వేరైన పేర్లు సహితము మన బైబిలులో ఒక్కటే.

కాబట్టి ప్రసంగించువారు పేరు కనబడగానే తండ్రి ఎవరో, సహోదరుడెవరో, కాలమేదో చూచి చెప్పవలెను. మనము చెప్పనిచో, మన అజాగ్రత్తను వినువారు లేఖనము యొక్క తప్పుగా ఎంచుదురు.